కోడలి సందు

గోడ పెరగడం చింతరేవులో అప్పటికి వింత కాదు. ఎనిమిది నెలల్నుంచీ పెరుగుతూనే ఉంది, జనం చూసి చూసి ఇంక చూడ్డం మానేశారు. పెట్టిన తిండికన్నా ఎక్కువ పెరగడమే వింత. ఆ వింత ఊరంతట్లో ఒక్క పైడితల్లికే కనిపించింది, ఎందుకంటే బస్తాలు లెక్కపెట్టుకునే పాడుబుద్ధి ఆవిడ ఒక్కదానికే ఉంది.

గోడకి తిండిగా ఇచ్చిన సముద్రపు గుల్లపొడి నూట పన్నెండు బస్తాలు. లేచిన గోడని కొలిచి, ముక్క తీసి తూచి, మూడుసార్లు లెక్కగట్టింది. మూడుసార్లూ నూట ఇరవైతొమ్మిదే వచ్చింది. మిగతా పదిహేడు బస్తాలూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డట్టు?

"గాల్లోంచి తీసుకుంటుందక్కా," అంది చెల్లెలు నీలవేణి, చేతికున్న రబ్బరు తొడుగు లాగేస్తూ.

"గాలి పీల్చుకుని సున్నం గట్టిపడుతుందని నాకూ తెల్సు. ఆ బరువు తీసేశాకే చెబుతున్నాను. గాల్లో గుల్లలు ఎగురుతున్నాయేటి?"

"నీకు మొదట్నుంచీ నా పనంటే అనుమానమే," అని నవ్వేసి నీలవేణి తన రేకుల షెడ్డులోకి వెళ్లిపోయింది. వెళ్లినావిడ ఊరికే వెళ్లలేదు, లోపల గడియ పెట్టుకుంది. పట్టపగలు, పనివేళ, గడియ! పైడితల్లి ఆ గడియ చప్పుడు బుర్రలో రాసిపెట్టుకుంది.

చింతరేవు ఆడపిల్లల బడి అసలు బడే కాదు. దొరల కాలంనాటి ఉప్పు కొఠారు. మూడడుగుల మందం గోడలు. బెల్లం నీళ్లూ కరక్కాయ కషాయమూ పోసి గానుగాడిన సున్నం. మండు వేసవిలో వీపు ఆనిస్తే చల్లగా ప్రాణం లేచొచ్చే పూత. ఉప్పు పోయి పుస్తకాలొచ్చాయి, పిల్లలు పెరిగారు, గదులు చాలకుండా పోయాయి. పడమటి గోడ పక్కన కొత్తగా నాలుగు గదులు కట్టాలి, కొఠారు కళ మాత్రం చెడకూడదు. పాత కట్టడాల ఆర్కిటెక్టుగా ఇరవయ్యేళ్లు చెప్పులరగదీసిన పైడితల్లికి ఆ పని వచ్చింది.

పని ఆవిడదే గానీ మంత్రం చెల్లెలిది. ఆ పాత సున్నంలో నూటయాభై ఏళ్లుగా నిద్రపోతున్న క్రిముల్ని నీలవేణి పట్టుకుని, బెల్లం నీళ్లు పోసి లేపింది. పాత గోడ పెచ్చు ఒకటి నూరి, ఇసకలో గుల్లపొడీ బెల్లం నీళ్లూ కలిపి, చెక్క అచ్చులో పోస్తే తెల్లారేసరికి గోడ అయ్యేది. ఏ ఇంటి తోడేస్తే పెరుగుకి ఆ ఇంటి రుచి వచ్చినట్టు, ఏ గోడ పెచ్చు వేస్తే ఆ గోడే తయారు. అదే రంగు, అదే నునుపు, ఆఖరికి ఉప్పు చెమర్చిన మచ్చలు కూడా అవే. అందుకే దాన్ని అందరూ తోడు సున్నం అన్నారు. కొత్తదేదో పాతదేదో చెప్పమని ఊళ్లో కుర్రకారు పందేలు వేసుకునేవారు. ఎవడూ గెలిచేవాడు కాదు.

పైడితల్లికి ఒళ్లు మండేది అక్కడే. పాత కట్టడం పక్కన కొత్తది మర్యాదగా నిలబడాలి గానీ, దాని వేషం కట్టి జనాన్ని మోసం చెయ్యకూడదు. ఈ మాట ఆవిడ కాలేజీలో నేర్చుకోలేదు, తండ్రి గవరయ్య మేస్త్రీ దగ్గర నేర్చుకుంది.

"కోడలు అత్త చీరలాంటి చీరే కట్టుకోవచ్చమ్మీ. నానే అత్తనని చెప్పుకుందనుకో, కొంప మునిగిపోద్ది," అనేవాడు గవరయ్య. అందుకని ఆ వైపు మేస్త్రీలు పాత గోడకి కొత్త గోడ ఎప్పుడూ ఆనించరు. మధ్యన నాలుగు వేళ్ల సందు వదిలి, ఎండు ఇసక పోసి, పైన చెక్కపట్టీ కొడతారు. ఎండకీ వానకీ ఎవరి ఒళ్లు వాళ్లు విరుచుకోవడానికి. దాన్ని కోడలి సందు అంటారు. తోడు సున్నం వాడదామని చెల్లెలు పట్టుబట్టినప్పుడు పైడితల్లి పెట్టిన షరతు ఆ సందొక్కటే. క్రిమికి ఎండు ఇసక దాటడం చేతకాదు. సందు ఉన్నంతకాలం పాతది పాతదే, కొత్తది కొత్తదే.

ఆ సందు పని గవరయ్యే స్వయంగా చేశాడు. డెబ్భై రెండేళ్ల వయసులో, ఇద్దరు కూతుళ్లూ ఒకే చోట పని చేస్తున్నారన్న సంబరంతో మళ్లీ తాపీ పట్టుకున్నాడు. తోడు సున్నం పక్వం చూసేదీ ఆయనే. రోజూ పొద్దున్నే వేలితో కాస్త తీసి నాలిక చివర తగిలించుకుని, "ఇంకో గంట ఆగాలి," అనో "పొయ్యండ్రా," అనో చెప్పేవాడు. వాళ్ల తాతల్నాటి అలవాటు. పచ్చి సున్నం నాలికని కాలుస్తుంది, పండిన సున్నం తియ్యగా ఉంటుంది. మిషను చూసి చెబుతాను మామయ్యా అని ఎవరో కుర్ర ఇంజనీరంటే, "మిషనుకి నాలికుందేటి?" అని కసిరాడు.

పది రోజుల్లో కొత్త గదులు తెరవాలి. తెరవడానికి ముందు, కట్టడం క్షేమమని పైడితల్లి సంతకం పెట్టాలి. పదిహేడు బస్తాల సంగతి తేలకుండా సంతకం పెట్టేది లేదని మనసులో గట్టిగా అనుకుని, ఆ రోజు పుట్టింటికి భోజనానికి వెళ్లింది.

వెళ్లేసరికి వసారాలో తండ్రీ చెల్లెలూ గుసగుసలాడుకుంటున్నారు. ఈవిడ గుమ్మంలో అడుగు పెట్టడం, వాళ్ల మాటలు ఆగిపోవడం ఒక్కసారే అయ్యాయి.

"ఏటి కబుర్లు?" అంది పైడితల్లి.

"ఏటున్నాయమ్మీ, చేపల పులుసు గురించి," అన్నాడు గవరయ్య.

చేపల పులుసు గురించి గుసగుసలేమిటి? సరే, కూర్చున్నారు. గవరయ్య కుడిచేతి మణికట్టు మీద తువ్వాలు కప్పుకుని విస్తరి ముందు కూర్చున్నాడు. కుడిచేత్తో మంచినీళ్ల చెంబు తియ్యబోయి, ఎందుకో వెనక్కి తగ్గి, ఎడంచేత్తో తీశాడు. మనిషి బాగా చిక్కాడు కూడా. ఒకప్పుడు సున్నం బుట్ట ఒంటిచేత్తో నెత్తికెత్తుకున్న మనిషి, పీట మీంచి లేవడానికి గోడ పట్టుకున్నాడు.

"చెయ్యికేటయింది అయ్యా?"

"బెణికినాదిలే."

చెల్లెలు తలెత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే, "నేను కట్టు కట్టానక్కా," అంది. వంటింట్లోకి మంచినీళ్లకని వెళ్లిన పైడితల్లి, అక్కడ తలుపు వెనక తగిలించిన చెల్లెలి సంచి విప్పి చూసింది. తప్పే. తప్పని తెలిసే చూసింది. లోపల ఎముక బలానికి వేసుకునే కాల్షియం మాత్రల డబ్బాలు ఆరు. మూడు ఖాళీవి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను చూడు, అనుకుంది పైడితల్లి. చిన్నప్పట్నుంచీ ఇంతే. నీలవేణి కుండ పగలగొడితే నేనే తన్నేశానని తండ్రి చెప్పేవాడు. పరీక్ష తప్పితే నేనే పొలానికి పంపించానని చెప్పేవాడు. ఇప్పుడు ఏం పగలగొట్టింది, ఏం దాస్తున్నారు ఇద్దరూ కలిసి?

నాలుగో రోజున దానికి సమాధానం దానంతటదే వచ్చింది. పని మధ్యలో గవరయ్య తాపీతో సున్నం తీసి గోడకి కొట్టాడు. రోజుకి వెయ్యిసార్లు చేసే పని. కొట్టగానే టప్పుమని ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. తాపీ కింద పడింది. గవరయ్య తన చెయ్యి వంక ఎవరిదో చెయ్యిని చూసినట్టు చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకి పట్టి వేలితో చూపించాడు. "ఈయనేం మందులు వాడుతున్నారమ్మా? ఇది చూడండి. పైన పెంకు బాగానే ఉంది, లోపలే ఏమీ లేదు. ఎవరో తవ్వుకుపోయినట్టుంది. ఒక్క చెయ్యి కాదు, అన్ని ఎముకలూ ఇలాగే ఉన్నాయి."

పైన పెంకు బాగానే ఉంది, లోపలే ఏమీ లేదు. ఆ మాట వినగానే పైడితల్లికి గోడ గుర్తొచ్చింది. పదిహేడు బస్తాలు! తండ్రిని చెల్లెలికి అప్పజెప్పి, ఏమీ చెప్పకుండా, ఆటో ఎక్కి బడికి వచ్చిపడింది.

ఎండ నెత్తి మీదుంది. పాత హాల్లో నలభై మంది ఆడపిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. పైడితల్లి పడమటి వైపుకి పోయి, పాత గోడకీ కొత్త గోడకీ మధ్యనున్న చెక్కపట్టీ మేకులు ఊడబెరికింది. పట్టీ కింద ఇసక ఉండాలి. ఇసక లేదు. నాలుగు వేళ్ల సందు నిండా తోడు సున్నం, రెండు గోడల్నీ కలిపేసి ఒకటే గోడ చేసి, నున్నగా ఉంది. పైన బొటనవేలితో ఏటవాలుగా లాగి అంచు సర్దిన గీత ఒకటి. ఆ గీత ఎవరిదో పైడితల్లికి తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఒప్పుకోక, ఇది దాని పనే, నీలవేణి పనే అని పళ్లు కొరుక్కుంది.

చెక్కసుత్తి తీసుకుని పాత గోడ మీద కొట్టింది. నిండు గోడ దబ్‌మనాలి. ఇది బోలుకుండలా పలికింది. రెండడుగులు జరిగి కొట్టింది. అక్కడా అంతే. జానెడు మేకు పెట్టి అరచేత్తో నొక్కితే, సుత్తి అక్కర్లేకుండానే తలదాకా దిగిపోయింది. రంధ్రంలోంచి పిండిలాంటి దుమ్ము సన్నగా కారింది. పాత గోడ రంగు చెడలేదు, పూత చెడలేదు, ఒక్క చిన్న పగులు కూడా లేదు. పగుళ్లు రాకుండా ఆ క్రిమే పైనంతా పూడ్చుకుంటూ, లోపలి సున్నమంతా తోడి కొత్త గోడకి మోసేసింది. అచ్చం పాతదానిలాంటి కొత్త గోడ కావాలని అడిగారు. పాత గోడనే పట్టుకెళ్లి ఇచ్చేసింది.

గోడకి అవతల పిల్లలు పన్నెండో ఎక్కంలో ఉన్నారు.

హెడ్మిస్ట్రెస్ ఎస్తేరురాణి గదిలోకి పైడితల్లి దాదాపు పరిగెత్తింది. "మేడమ్, పిల్లలందర్నీ సరుగుడు తోటలోకి పంపించండి. ఇప్పుడే. పరుగులొద్దు, గంటలొద్దు, గోడలకి చేతులు తగలొద్దు."

"ఏమైందమ్మా? వచ్చేవారం ప్రారంభోత్సవం పెట్టుకుని..."

"ప్రారంభోత్సవం లేదు మేడమ్. పడమటి గోడ లేదు. ఉన్నట్టు కనిపిస్తోందంతే."

ఎస్తేరురాణి ఆవిడ మొహం చూసి రెండో ప్రశ్న వెయ్యలేదు. "ఇవాళ లెక్కలు చెట్ల కింద!" అని హాల్లోకి కేకేసింది. పిల్లలు సంబరంగా, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలోకి నడిచారు. ఆఖరి పిల్ల గడప దాటేదాకా పైడితల్లి గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెట్టింది. తర్వాత పనివాళ్లు గోడకి సరుగుడు దుంగలు ఊతగా పెట్టబోతే, మొదటి దుంగే పొంగిన పూరీలో వేలు దిగినట్టు గోడలోకి దిగిపోయింది. మేస్త్రీలంతా దుంగలు కింద పడేసి దూరం జరిగారు. ఆ పొద్దునే అదే గోడ పక్కన కూర్చుని చద్దన్నాలు తిన్నవాళ్లు.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో చెల్లెల్ని నిలబెట్టి అడిగింది. అడగడమేమిటి, కడిగేసింది.

"సందు నువ్వే పూడ్చావు. నీ గోడ బాగుండాలని, నీ పేరు రావాలని నలభై మంది పిల్లల నెత్తిన కొఠారు పెట్టావు. అయ్య ఎముకలు తినేశావు. మాత్రలు కొని నోరు మూయించావు. ఛీ, నువ్వూ ఒక చెల్లెలివేనా!"

నీలవేణి ఏడుస్తూనే చెప్పింది. "మాత్రల సంగతి నిజమేనక్కా. రెండు నెలల కిందట షెడ్డులో ఎలక ఒకటి తోడు నాకింది. వారానికి దాని కాలు విరిగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు. అయ్యకి చెప్పాను, నాలిక పెట్టకు అని కాళ్లు పట్టుకున్నాను. సరే అన్నాడు, మళ్లీ పెట్టాడు. ఈలోగా మందు తయారుచేద్దామని, క్రిమిని నిద్రపుచ్చే మందు, దానికోసమే గడియ పెట్టుకుని... నీకు చెబితే పని ఆపేస్తావని భయపడ్డాను. అది నా తప్పే. కొట్టు, పడతాను. కానీ సందు నేను ముట్టుకోలేదు. అయ్య మీద ఒట్టు."

"అయ్య మీద ఒట్టు పెట్టే మొహమేనా అది!"

"దాన్నేటీ అనకమ్మీ," అని లోపల్నుంచి గొంతు వినిపించింది.

గవరయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి దాకా తెల్లటి పట్టీ. "ఆఖరికి గోడకి పూసినట్టు నాకే గిలాబా పూసీసేరు," అని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోతే ఆపేశాడు. "సందు నానే పూడ్చేను."

"చిన్నప్పట్నుంచీ దాని తప్పులు నెత్తినేసుకోవడం నీకు అలవాటే కదా."

"అలవాటే. ఇది మాత్రం నాదే. నువ్వు గీత చూసే ఉంటావు."

పైడితల్లి తన బొటనవేలి వంక చూసుకుంది.

"మాఘమాసంలో గోడ మచ్చలు మచ్చలుగా లేచింది, గుర్తుందేటి? పాత గోడ తగిల్తేగాని తోడు సరిగ్గా పట్టడంలేదని ఈ గుంట, నీ చెల్లి, షెడ్డులో కూచుని ఏడ్సింది. పదేళ్ల చాకిరీ పోద్దని ఏడ్సింది. నాను చూళ్లేకపోయేను. నాలుగు వేళ్ల సందే కదా, ఏటయిపోద్దిలే అనుకున్నాను. ఇసక తోడీసి, సందు నిండా తోడు సున్నం పోసి, పట్టీ కొట్టీసేను. దానికి కూడా చెప్పలేదు. మర్నాటికి గోడ పాలరాయిలా లేచింది. నా చేతుల మీద ఇంత గోడ ఎప్పుడూ లేవలేదమ్మీ. ఆశ పడ్డాను."

"నాకు చెప్పకుండా?"

"నీకు చెప్తే ఒప్పుకుంటావేటి? నువ్వు నెలనెలా పుస్తకంలో సంతకం పెట్టేదానివి, సందు చూసేనని. ఎప్పుడైనా పట్టీ విప్పి చూసేవా?"

చూడలేదు. గుల్లపొడి బస్తాలు లెక్కపెట్టి చూసింది, చెల్లెలి సంచి విప్పి చూసింది, గోడ ముక్కని తూచి చూసింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎవర్నీ నమ్మని మనిషి, తండ్రి కొట్టిన పట్టీ ఒక్కటీ విప్పలేదు. అయ్య కొట్టాడు కదా, ఇంక చూసేదేముంది అనుకుని ఎనిమిది నెలలు ఎనిమిది సంతకాలు పెట్టింది. పైడితల్లికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మంచం పక్కన నేల మీద కూలబడి, పట్టీ కట్టని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ చెయ్యి ఎండిన వెదురులా తేలిగ్గా ఉంది.

కాసేపటికి గవరయ్య అడిగాడు. "ఎన్ని బస్తాలు ఎక్కువొచ్చేయన్నావు?"

"పదిహేడు."

"అందులో నాది ఎంతుంటాదమ్మీ?"

నీలవేణి ముక్కు తుడుచుకుని, "నీది గోడలోకి పోలేదయ్యా. ఒంట్లోంచి ఒంటేలికే పోయింది," అంది.

గవరయ్య మొహం చిన్నబోయింది. "అయ్యో, అంతేనేటి! పోనీ, గోడలోకైనా వెళ్తే బాగుండేది," అన్నాడు.

పడమటి పాత గోడ నలభై అడుగుల మేర దింపేశారు. దింపడానికి గునపాలు కూడా అక్కర్లేకపోయింది. తోడు సున్నంతో లేచిన కొత్త గదులూ ఉంచలేదు. చూడ్డానికి వచ్చిన ఊరి పెద్దలు, అచ్చం పాతదానిలా ఉంది కదమ్మా, దీన్నే పాతదనుకుంటే పోదా అన్నారు. అనుకోకూడదండి అని చెప్పి పైడితల్లి దాన్నీ కోయించింది. నీలవేణి తోడు సీసాలన్నీ ఇటుకబట్టీకి పట్టుకొచ్చి, "లెక్కపెట్టక్కా," అంది. పైడితల్లి పన్నెండూ లెక్కపెట్టింది. "మళ్లీ లెక్కపెట్టు," అంది నీలవేణి. మళ్లీ లెక్కపెట్టాకే ఒక్కొక్కటీ మంటలో వేసింది. పదేళ్ల పని పావుగంటలో కాలిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ బట్టీ చల్లారేదాకా అక్కడే కూర్చున్నారు. నిద్రపుచ్చే మందు మాత్రం గవరయ్యకి పని చేసింది. పోయిన ఎముక తిరిగి రాదు గానీ, ఉన్నది నిలిచింది.

మళ్లీ వేసవికి కొత్త గదులు లేచాయి. ఈసారి మామూలు ఎర్రటి ఇటుక, మామూలు గానుగ సున్నం, పూత లేదు. ఎత్తూ కిటికీల వరసా కొఠారువే, ఒళ్లు మాత్రం తనదే. దూరంనుంచి చూసినా ఏది అత్తో ఏది కోడలో తెలిసిపోతుంది. పని సాగినన్నాళ్లూ గవరయ్య నీడలో కుర్చీ వేసుకుని, తాపీ ముట్టకుండా, నోటితోనే గోడ కట్టించాడు. సున్నం పక్వం మాత్రం ఇప్పుడు మిషను చూస్తోంది. అది చెప్పినప్పుడల్లా ఆయన మూతి తిప్పుకుంటున్నాడు.

ఆఖరి రోజున కోడలి సందులో ఇసక పోయించి, చెక్కపట్టీ కొట్టించి, "అయిపోనాదమ్మీ, సంతకం పెట్టు," అన్నాడు.

పైడితల్లి పుస్తకం తెరవలేదు. పలుగు అందుకుని, మేస్త్రీలందరూ చూస్తుండగా, తండ్రి కొట్టించిన పట్టీ మేకులు ఊడబెరికింది. మేస్త్రీలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. పెద్దాయన పనిని కన్నకూతురే విప్పి చూడ్డమా? ఆవిడ పట్టీ పక్కన పెట్టింది. నాలుగు వేళ్లూ సందులో పెట్టింది. ఇసక పొడిగా, వెచ్చగా ఉంది.

"అంతేనేటి చూడ్డం?" అన్నాడు గవరయ్య కుర్చీలోంచి. "ఇంకా లోనకి పెట్టు. ముసిలోడు ఏటి పెట్టించేడో నీకేటి తెల్సు?"

పైడితల్లి చేతి గాజులు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. అరచెయ్యి నిలువుగా దూర్చి, మోచెయ్యి దాకా దింపి, చెయ్యి పోయినంత లోతూ తడిమింది. అంతా ఇసకే. చెయ్యి దులుపుకుని, కళ్లు తుడుచుకుని, అప్పుడు పుస్తకం తెరిచి సంతకం పెట్టింది.